తడి లేని నేల

మాత్రను సగానికి విరిచి మింగే మనిషిని సుబ్బలక్ష్మమ్మ అంతకు ముందు చూడలేదా అంటే, చూసింది. రాయచోటి దగ్గర వాళ్ళ పల్లెలో సగం మంది అదే పని చేసేవాళ్ళు. పాపం, వాళ్ళకు గతి లేక. తాను చూసుకునే ఈ డోరతీకి ఏం ఖర్మ? కొడుకు స్టీవెన్ పెద్ద ఇంజనీరు. మస్కట్‌లోని అల్ హైల్‌లో సముద్రానికి దగ్గరగా రెండంతస్తుల విల్లా. మందుల అరలో డబ్బాల మీద డబ్బాలు. అయినా రోజూ పొద్దున టిఫిను కాగానే ఆ అమెరికా ముసలామె చిన్న కత్తి తెచ్చుకునేది. గుండెకు వేసుకునే తెల్ల మాత్రను బల్ల మీద పెట్టి, కళ్ళజోడు సవరించుకుని, మధ్యకు కోసేది. ఒక సగం నోట్లోకి, రెండో సగం దిండు గలీబులోకి.

"ఏందమ్మా ఈ పని? డాక్టరు ఒకటి మింగమన్న్యాడా, అర మింగమన్న్యాడా?" అని సుబ్బలక్ష్మమ్మ మొదట్లో గట్టిగానే కసురుకుంది.

సుబ్బలక్ష్మమ్మది వంటింటి ఇంగ్లీషు. డోరతీ తెలుగు అంతకంటే అన్యాయం. వద్దు, చాలు, నీళ్ళు, అయ్యో, అంతే. ఆ "అయ్యో"ను ఆమె ఎక్కడపడితే అక్కడ వాడేది, టీవీలో వానొచ్చినా అయ్యో, కూరలో ఉప్పెక్కువైనా అయ్యో. అయినా ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి అర్థం కాని రోజంటూ లేదు. అట్లా ఆ మాటా ఈ మాటా కలుపుకుంటూ డోరతీ తన సంగతి చెప్పుకొచ్చింది.

వాళ్ళది ఒహాయో. మొగుడికి క్యాన్సర్ వచ్చింది. డాక్టరు ఒక సూది రాస్తే ఇన్సూరెన్సు కంపెనీ అది అక్కర్లేదంది. ఆస్పత్రి మార్చమంది. మారిస్తే, ఆ ఆస్పత్రి మా జాబితాలో లేదంది. జబ్బు ఎప్పుడు మొదలైందని ఫోన్‌లో అడిగితే మొగుడు ఒకసారి చలికాలం అన్నాడు, ఇంకోసారి అంతకు ముందే దగ్గు ఉండేదన్నాడు. పట్టుకున్నారు ఆ మాటను. ముందే ఉన్న జబ్బు దాచారని చేతులు దులుపుకున్నారు. ఇల్లు అమ్మేశారు. మొగుడు ఎలాగూ పోయాడు. ఆ తర్వాత మందుల కొట్టు ముందు నిలబడి, ఈ నెల గుండె మాత్ర కొనాలా, కళ్ళ చుక్కలు కొనాలా అని లెక్క వేసుకునే రోజుల్లో డోరతీకి ఈ కత్తి అలవాటైంది. అక్కడ ముసలివాళ్ళను చూసుకునే ఇంట్లో చేర్చాలంటే స్టీవెన్ జీతం మొత్తం దానికే పోతుంది. అందుకని తనతో పాటు మస్కట్‌కు తెచ్చుకున్నాడు.

"ఇప్పుడు కొడుకు కొంటాండాడు గదమ్మా, ఇంకేంది భయం?" అంటే డోరతీ తల అడ్డంగా ఊపింది. రేపు అతని ఉద్యోగం పోతే? ఎల్లుండి కంపెనీ ఇన్సూరెన్సు మార్చేస్తే? స్టీవెన్‌తో మాత్రం చెప్పొద్దని సుబ్బలక్ష్మమ్మ చేత ఒట్టు వేయించుకుంది.

ఈ కథంతా పక్క విల్లాలో పనిచేసే జైనబీకి చెబితే నమ్మనే లేదు. జైనబీదీ రాయచోటే. "ఊరుకోక్కా, అమెరికా వోళ్ళకు మాత్రలు కొనే దానికి లేకపోవడమేంది? నిన్ను ఆట పట్టిస్తాంది ఆ ముసల్ది" అని పడీ పడీ నవ్వింది. సుబ్బలక్ష్మమ్మకు ఆ రోజు జైనబీ మీద కోపమొచ్చింది. అప్పటికే డోరతీని ఎవరేమన్నా పడని దశకు వచ్చేసింది మరి.

రెండేళ్ళుగా స్నానం చేయించడం, తల దువ్వడం, పప్పన్నం కలిపి నోట్లో పెట్టడం, అన్నీ ఆమే. పొద్దున మాత్ర పూర్తిగా మింగితేనే మధ్యాహ్నం సేమ్యా పాయసం, లేకుంటే లేదని బేరం పెట్టేది. పాయసం కోసం వారంలో రెండు మూడు రోజులు డోరతీ మాట వినేది. అంతకు ముందు సుబ్బలక్ష్మమ్మ మస్కట్‌లోనే మవాలేలో ఒక ఒమనీ ఇంట్లో చేసింది. ఆ ఇంటి పెద్దామె ఈమె చేతుల్లోనే కన్నుమూసింది. కూతురు సఫియా మేడమ్ ఆ తర్వాత అందరితో ఒకటే మాట చెప్పేది: సుబ్బలక్ష్మికి అప్పగిస్తే అమ్మ గురించి బెంగ పడక్కర్లేదని. ఆ మాట పట్టుకునే స్టీవెన్ ఆమెను పనికి పంపే ఆఫీసుకు వెళ్ళి, ఆమే కావాలన్నాడు. చదువు లేదు, వయసు యాభైకి దగ్గర పడింది. సుబ్బలక్ష్మమ్మకు ఈ దేశంలో ఉన్న ఆస్తి ఆ పేరొక్కటే. అది ఉన్నన్నాళ్ళూ ఏదో ఒక ఇంటి తలుపు తెరుచుకుంటుంది.

డోరతీ పడిపోయిన రోజు నేల పొడిగా ఉంది. ఇది ఎవరు ఎన్ని చెప్పినా మారని సంగతి. తల దువ్వడం అయిపోయింది. కుర్చీలోంచి లేపి, మోచేయి పట్టుకుని, కిటికీ దగ్గరికి నడిపిస్తోంది. రెండడుగులు వేశారో లేదో, ముసలామె కళ్ళు పైకి తేలిపోయాయి. "అయ్యో" అంది. ఈసారి సరిగ్గానే అంది. మనిషి ఒక్కసారిగా బరువైపోయి కిందికి జారింది. ఆపడం సుబ్బలక్ష్మమ్మ వల్ల కాలేదు. తల మాత్రం నేలకు కొట్టుకోకుండా తన చెయ్యి అడ్డం పెట్టింది. మణికట్టు కలుక్కుమంది. డోరతీ తుంటి ఎముక విరిగిన చప్పుడు ఆమెకు వినబడింది.

అంబులెన్సులో ప్రైవేటు ఆస్పత్రికి చేర్చారు. ఆపరేషను ఎంత త్వరగా చేస్తే అంత మంచిదన్నాడు డాక్టరు. స్టీవెన్ ఇన్సూరెన్సు అమెరికా కంపెనీది. అక్కడి నుంచి సరే అనే మాట రావాలి. స్టీవెన్ గంటల తరబడి ఫోన్ చెవికి ఆనించుకుని వరండాలో తిరిగాడు. లోపల డోరతీ మూలుగుతోంది. సుబ్బలక్ష్మమ్మ ఆమె నుదురు నిమురుతూ, ఈ సరే అనే మాటకు ఇంతసేపా, వీళ్ళ నోళ్ళు పడిపోను, అని తిట్టుకుంటూ కూర్చుంది.

కాసేపటికి స్టీవెన్ ఆమెను బయటికి పిలిచాడు.

"లక్ష్మీ, నేల తడిగా ఉంది కదా?" అన్నాడు.

"లేదు సార్. డ్రై. అమ్మకు కళ్ళు తిరిగినాయి. నేను పట్టుకోనే ఉన్నా."

అతను గోడకు ఆనుకుని, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. కళ్ళు తిరిగి పడిందంటే అది గుండె జబ్బు వల్ల. గుండె జబ్బు ఈ పాలసీ తీసుకోక ముందు నుంచీ ఉంది. దానికి వాళ్ళు పైసా ఇవ్వరు. జారి పడిందంటే ప్రమాదం. ప్రమాదానికి ఇస్తారు. వాళ్ళు నీతో మాట్లాడాలంటున్నారు, ఒక్క మాట చెప్పు చాలు, అంతా అమెరికాలో కంప్యూటర్ ముందు కూర్చునే వాళ్ళ కోసం, ఇక్కడ నిన్ను ఎవరూ ఏమీ అడగరు, నువ్వు మా ఇంటి మనిషివి.

సుబ్బలక్ష్మమ్మకు అది అంత పెద్ద సంగతిగా తోచలేదు. తోచకపోవడానికి కారణముంది. విల్లాల్లో పనిచేసే ఆడవాళ్ళందరికీ ఈ విద్య వచ్చు. పిల్లోడు గ్లాసు పగలగొడితే "నేనే మేడమ్" అంటారు. పిల్ల కార్పెట్ మీద రంగు ఒలకబోస్తే "నా చెయ్యి తగిలింది మేడమ్" అంటారు. మేడమ్ కాసేపు అరుస్తుంది, మర్చిపోతుంది. పిల్లోడికి దెబ్బలు తప్పుతాయి, సాయంత్రానికి వచ్చి ఒళ్ళో కూర్చుంటాడు. ఇన్నేళ్ళలో ఆమె అట్లా నెత్తిన వేసుకున్న తప్పులకు లెక్కే లేదు. ఇదీ అలాంటిదే అనుకుంది. లోపల ముసలామె నొప్పితో అల్లాడుతుంటే ఇంకేం ఆలోచిస్తుంది?

"సరే సార్. ఫ్లోర్ వెట్. ఐ గో కిచెన్" అని అప్పచెప్పింది. స్టీవెన్ ఆ రెండు ముక్కలూ మళ్ళీ మళ్ళీ అనిపించాడు.

ఫోన్ కలిసింది. ముందు ఎవరో ఆడమనిషి గడగడా ఇంగ్లీషు మాట్లాడింది. అంతలో ఇంకో గొంతు, చక్కని తెలుగు: "నమస్కారమండీ. మీరు చెప్పింది చెప్పినట్టు వాళ్ళకి ఇంగ్లీషులో చెప్పడానికి నేనున్నానండీ. మీ మాటలు రికార్డు అవుతాయి. పర్లేదా అండీ?"

అమెరికాలోంచి తెలుగు వస్తుందని సుబ్బలక్ష్మమ్మ కలగన్నదా? "మీదే ఊరు తల్లీ?" అని నోరు జారింది.

"సొంత విషయాలు మాట్లాడకూడదండీ" అంది ఆ గోదావరి గొంతు, నొచ్చుకుంటున్నట్టే. "డోరతీ గారు పడినప్పుడు మీరెక్కడున్నారండీ?"

ఇంగ్లీషులో అయితే చిలక పలుకులు పలికేసేది. అవి తన మాటలే కావు కదా. తెలుగులో అడిగేసరికి నోరు పెగల్లేదు. ఎదురుగా స్టీవెన్ రెండు చేతులూ జోడించాడు. ఆమెను చూసి నేర్చుకున్న దండం.

"వంటింట్లో ఉన్న్యా."

"నేల ఎలా ఉందండీ?"

"తడిగా ఉన్నింది. నేనే తుడిసి, ఆరకముందే పొయినా."

"అంటే మీ అజాగ్రత్త వల్లే ఆవిడ పడ్డారని చెప్పమంటారా?"

ఆ మాట గుచ్చుకుంది. మవాలేలో పెద్దామెకు ఒంటి మీద ఒక్క పుండు లేకుండా ఆఖరు దాకా చూసుకున్న మనిషి ఆమె. లోపలి నుంచి డోరతీ మూలుగు వినిపించింది.

"చెప్పమ్మా. అట్లనే చెప్పు" అంది.

సాయంత్రానికల్లా సరే అనే మాట వచ్చింది. ఆపరేషను బాగా జరిగింది. స్టీవెన్ ఆమె భుజాల మీద చేతులు వేసి ఏడ్చినంత పని చేశాడు. సుబ్బలక్ష్మమ్మకూ కళ్ళు తడిశాయి, పోనీలే, మంచే జరిగింది అనుకుంది.

ఆ మంచి పది రోజులు కూడా నిలవలేదు. ముందు జైనబీ ఫోన్ చేసింది.

"అక్కా, ఏమి చేసినావు? మా మేడమ్ అడగతాంది. నువ్వు నీళ్ళలో వదిలేసి పోతే ఆ ముసలామె పడి కాలిరిగిందంట గదా. రెండు మూడు ఇండ్లల్లో ఇదే మాట."

"ఎవురు చెప్పినారు?"

"ఆఫీసోళ్ళే చెప్పినారంట."

ఆఫీసంటే ఆమెను ఈ విల్లాకు పనికి పంపిన సంస్థ. వెంటనే అక్కడి నుంచీ పిలుపు వచ్చింది. అమెరికా కంపెనీ ఆస్పత్రికి కట్టిందంతా ఇప్పుడు వాళ్ళను అడుగుతోందట. మీరు పంపిన మనిషి నిర్లక్ష్యం వల్లే కదా పడింది, కాబట్టి మీరే ఇచ్చుకోండని. ఇన్సూరెన్సు తరఫున ఒకతను ఆస్పత్రికి వచ్చి ముసలామెను అడుగుతాడు. ఆమె కూడా అదే చెబితే సుబ్బలక్ష్మమ్మ వీసా క్యాన్సిల్. ఒమన్‌లో ఇంకే ఇంటికీ తాము పంపరు, ఎవరడిగినా కారణం దాచరు.

స్టీవెన్‌ను అడిగితే "చూస్తాను లక్ష్మీ, మాట్లాడతాను" అన్నాడు. ఆ మర్నాటి నుంచి గదిలోకి వస్తే ఫోన్ చూసుకుంటూ వచ్చేవాడు, ఫోన్ చూసుకుంటూ పోయేవాడు. ఆ రోజు దండం పెట్టిన చేతులు ఇవేనా అనిపించింది.

అందుకని నేరుగా డోరతీనే అడిగింది. మంచం పక్కన కూర్చుని, కాళ్ళకు నూనె రాస్తూ, వచ్చిన ఇంగ్లీషూ రాని ఇంగ్లీషూ కూడగట్టుకుంది. గుండె మాట ఎత్తొద్దమ్మా, కాలు జారిందనే చెప్పు, నీకు రావలసింది నీకొస్తుంది. నేల తడి అని మాత్రం అనొద్దు. నేను నీ పక్కనే ఉన్నానని, చెయ్యి పట్టుకునే ఉన్నానని, అదొక్కటి చెప్పు. అంతకంటే నాకేం వద్దు.

డోరతీ ఆమె మణికట్టు పట్టుకుంది. వాపు ఇంకా పూర్తిగా తగ్గలేదు. దాన్ని మెల్లగా నిమిరి, "నువ్వు పక్కనే ఉన్నావు. నా తల కింద నీ చెయ్యి ఉంది. నాకు తెలుసు లక్ష్మీ. చెబుతాను" అంది. ఆ రోజు సుబ్బలక్ష్మమ్మ కడుపు నిండా తిన్నది. జైనబీకి ఫోన్ చేసి, "మా అమ్మ నోట్లోంచి ఒక్క మాట రానీ, ఈ ఊరి నోళ్ళన్నీ మూతపడతాయి చూడు" అని గొప్పగా చెప్పుకుంది కూడా.

వచ్చినతని పేరు రియాజ్. నిజామాబాద్ వైపు మనిషి, మస్కట్‌లో ఇలాంటి కేసులు చూసే ఉద్యోగం. సుబ్బలక్ష్మమ్మను చూసి "నమస్తే అమ్మా" అన్నాడు. తెలుగువాడే రావడం శుభమనుకుంది ఆమె. స్టీవెన్ కిటికీ దగ్గర నిలబడ్డాడు. రియాజ్ కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఇంగ్లీషులో మర్యాదగా అడిగాడు. మీరు పడినప్పుడు ఈమె ఎక్కడుంది?

సుబ్బలక్ష్మమ్మ మంచానికి ఇవతల నిలబడి డోరతీ ముఖంలోకి చూస్తోంది. డోరతీ ఆమె వైపు చూడలేదు. ఎదుటి గోడను చూసింది.

"వంటింట్లో" అంది. "నేల తడిగా ఉంది."

సుబ్బలక్ష్మమ్మకు మొదట తన ఇంగ్లీషు మీదే అనుమానం వచ్చింది. కిచెన్, వెట్. ఆ రెండు మాటలూ తాను అప్పచెప్పిన మాటలే. తప్పుగా వినే వీలే లేదు.

డోరతీ అక్కడితో ఆగినా బాగుండేది. "తుడిచాక ఆరనివ్వమని ఎన్నిసార్లు చెప్పానో" అంది.

ఎన్నిసార్లు! ఒక్కసారి చెప్పిందా? ఒక్కసారైనా ఆ ఇంట్లో తడి నేల మీద ఆమె కాలు పెట్టనిచ్చిందా తను? అబద్ధం ఆడితే ఆడింది, అవసరమైనంత ఆడితే చాలదా, దాని మీద ఇంత పోపు పెట్టాలా?

"అబద్ధం సార్!" అంది సుబ్బలక్ష్మమ్మ తెలుగులో, గొంతు పగిలేలా. "నేల తడి లేదు. ఆ పొద్దు నేను చీపురు కూడా పట్టలేదు. ఈమె చెయ్యి నా చేతిలోనే ఉన్నింది. కావాలంటే ఈ వాపు చూడండి!"

స్టీవెన్ కిటికీ దగ్గర నుంచి "ఆమె కంగారులో ఉంది" అన్నాడు ఇంగ్లీషులో.

రియాజ్ రాసుకుంటున్న కాగితం మీంచి తలెత్తాడు. "అమ్మా, ఫోన్ల మీరు చెప్పింది నేను విన్న. మీ గొంతే. తెలుగే. తడిగ ఉంది, నేనే పోయిన అని మీరే అన్నరు. అప్పుడొకటి చెప్పి ఇప్పుడొకటి అంటే నేనేం చెయ్యాలె?"

"ఆ పొద్దు సార్ చెప్పమంటే చెప్పినా. ఆపరేషన్ కోసరం."

"నాకు సమజైంది. కని గీ కంపెనీలల్ల గట్లనే ఉంటది. జబ్బు చేసిందంటే పైసలియ్యరు. మనిషి చేసిండంటే ఇస్తరు, మల్ల ఆ మనిషి తాన వసూలు చేస్తరు. గిప్పుడు మీరు కాదంటే ఆమెకు ఇచ్చింది వాపసడుగుతరు. ఆమెనేమో మీరే చేసిన్రంటున్నది."

అప్పుడు మాత్రల మాట గొంతు దాకా వచ్చింది. సగం సగం మింగేది, అందుకే కళ్ళు తిరిగాయి, పోయి ఆ దిండు గలీబు దులపండి అని ఒక్క మాట అంటే చాలు. డోరతీ కూడా ఆ సంగతి పసిగట్టింది కాబోలు, అప్పుడు మొదటిసారి ఆమె వైపు చూసింది. భయంతో చూసింది. సుబ్బలక్ష్మమ్మ నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. ఒట్టు వేసింది తనే కదా, పాడు ఒట్టు. ఎందుకు ఆగిపోయానా అని ఆ తర్వాత ఎన్నోసార్లు తనను తాను తిట్టుకుంది గానీ, ఆ నిమిషాన మాట రాలేదు.

రియాజ్ లేచాడు. "ఖుదా హాఫిజ్ అమ్మా" అని వెళ్ళిపోయాడు. అతన్ని సాగనంపే వంకతో స్టీవెన్ కూడా జారుకున్నాడు. గదిలో ఇద్దరే మిగిలారు.

"మా ఆయన ఒక్క మాట మార్చి చెప్పాడు" అంది డోరతీ, సన్నగా. "ఒక్క మాట. దానికి ఇల్లు పోయింది, ఆయనా పోయాడు. వాళ్ళు దాని కోసమే కాచుకుని ఉంటారు లక్ష్మీ. నువ్వు ఏం చెప్పావో నేనూ అదే చెప్పాలి. స్టీవెన్‌ను కూడా నేను ముంచలేను."

సుబ్బలక్ష్మమ్మకు ఆ భయం అర్థం కాకపోలేదు. రెండేళ్ళుగా రోజూ పొద్దున చూసిన భయమే. అర్థమైనంత మాత్రాన మంట చల్లారుతుందా?

"మరి ఎన్నోసార్లు చెప్పినానన్న్యావే? అది కూడా నేను చెప్పిందేనా?" అని అడిగింది.

డోరతీ ఆమె చేతి కోసం తడుముకుంటూ, "నువ్వు ఎంత బాగా చూసుకుంటావో అందరికీ తెలుసు. నీలాంటి మనిషి దొరకదు. నీకేం, ఇంకో ఇల్లు దొరుకుతుంది" అంది.

సుబ్బలక్ష్మమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఆ మాట ఇప్పుడు నాకెందుకమ్మా చెప్తాండావు? అడిగినోడు కుర్చీలో కూర్చోనున్నప్పుడు చెప్పాల్సింది."

తెలుగులో అన్నది. ముసలామెకు మాటలు అర్థమయ్యాయో లేదో తెలియదు. చాలాసేపు ఒకే పక్కకు పడుకుని ఉండటం వల్ల నడుము పీకుతోంది. ఎప్పటిలాగే భుజం కొద్దిగా ఎత్తి, అటు తిప్పమన్నట్టు చూసింది. "లక్ష్మీ, ప్లీజ్" అంది.

రోజుకు పది సార్లు చేసే పని. నడుము కింద ఒక చెయ్యి, మోకాలి కింద ఒక చెయ్యి. సుబ్బలక్ష్మమ్మ మంచం దగ్గరికి వచ్చింది. వంగింది. వంగి, తలగడ పక్కన ఉన్న బెల్లు నొక్కింది.

"నర్సు వస్తాది. ఆమెను తిప్పమను" అంది. "నేను ముట్టుకుంటే నువ్వు మళ్ళా పడిపోతావు. ఆ మాట రాయించింది నువ్వే గదమ్మా."

నర్సు వచ్చేదాకా గుమ్మం దగ్గరే నిలబడింది. వచ్చాక బయటికి నడిచింది.